పిన్నీసు దాకా

ఆ వీధిలో ఆమె అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. బడిపిల్లలందరికీ ఆమె టేపత్త. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉంటుంది కనుక ఆ పేరు పెట్టారు. ఓసారి జలుబు చేసి డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన తన మెడలోని గొట్టాన్నీ ఈమె మెడలోని టేపునీ మార్చి మార్చి చూసి, "ఇంతకీ ఎవరు ఎవరిని చూడాలమ్మా?" అన్నాడట. ఆ ముచ్చట టేపత్త తక్కువలో తక్కువ వందమందికి చెప్పి ఉంటుంది. చెప్పుకోవడానికి ఆమె బతుకులో ముచ్చట్లు మరీ ఎక్కువ లేవు. ఉన్నవాటినే మళ్లీ మళ్లీ వాడుకునేది.

కొట్టు బడి గేటుకి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి ఇవతల ఉండేది. ముందు గది కొట్టు, వెనక గది ఇల్లు, రెంటికీ మధ్య ఓ తెర. మిషను గుమ్మానికి ఎదురుగా వేసి ఉండేది కాబట్టి తల ఎత్తితే చాలు, గేటు కనిపించేది. మిషను తండ్రిది, కొట్టు తండ్రిది, బడి యూనిఫారాల పని కూడా తండ్రి నుంచి వచ్చిందే. పెళ్లి ఎందుకు చేసుకోలేదంటే దానికీ ఓ కథ ఉంది. సంబంధం మాట్లాడటానికి వచ్చిన అబ్బాయి చొక్కా చంక దగ్గర కుట్టు వంకరపోయిందని మొహం మీదే అనేసింది. తండ్రి నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వు ఆగేసరికి సంబంధంవాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత కొన్నేళ్లకి తండ్రి పోయాడు, ఇంకో సంబంధం చూసేవాళ్లూ లేకపోయారు.

తండ్రి ఆమెకి నేర్పినవి ముఖ్యంగా రెండు. ఒకటి, పిల్లల బట్ట ఇవాళ్టి పిల్లకి కాదు, వచ్చే ఏటి పిల్లకి కుట్టాలి. స్కర్టు కింది అంచులో నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుట్టాలి. పిల్ల పెరిగితే ఆ మడత విప్పుకుంటారు. పదో తరగతి పిల్లలకి మాత్రం మడత అక్కర్లేదు, వాళ్లకి బడి అయిపోతుంది కనుక. రెండోది కాలర్. కాలర్ మొదలుపెట్టాక ఆ చివరి దాకా ఒక్క పరుగులో పోవాలి. మధ్యలో తల ఎత్తితే వంపు చెడుతుంది, చెడిన కాలర్ చొక్కా చిరిగే దాకా అలాగే ఉంటుంది. "కాలర్ మీద చెయ్యి పడ్డాక నీకు చెవులూ లేవు, కళ్లూ లేవు" అనేవాడు తండ్రి. ఆమె ఆ మాట తూచా తప్పకుండా పాటించింది. పాటించకపోయి ఉంటే ఎంత బాగుండేదో!

పొద్దున గంట కొట్టే ముందు అరగంట ఆమె కొట్టు సంతలా ఉండేది. బొత్తాలు తెగినవాళ్లు, చొక్కా చేతులు పిగిలినవాళ్లు, మడతలు ఊడినవాళ్లు. "టేపత్తా, ఊడింది!" అని అరుచుకుంటూ వచ్చేవాళ్లు. ఆమె భుజం దగ్గర వరసగా గుచ్చుకున్న పిన్నీసుల్లోంచి ఒకటి లాగి, ఊడిన చోట పెట్టి, వీపు మీద ఒక్కటి తట్టి, "పో" అనేది. పిల్ల రోడ్డు దాటి గేటు లోపలికి వెళ్లేదాకా చూసేది. గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయన, పిల్లలకి గేటు తాత, లోపలికి వచ్చిన పిల్ల తల మీదుగా చెయ్యి పైకెత్తేవాడు. అందింది అని దాని అర్థం. ఇదంతా ఎవరూ పెట్టిన పద్ధతి కాదు. ఏళ్ల తరబడి వాళ్లిద్దరికీ అలా అలవాటైపోయింది.

మధ్యాహ్నం పిల్లలు క్లాసుల్లో ఉన్నప్పుడు గేటు తాత ఇటు వచ్చి, స్టూలు మీద కూర్చుని టీ తాగేవాడు. ఆయన ఖాకీ ప్యాంటు మోకాళ్లకి ఆమె వేసిన అతుకులే నాలుగున్నాయి. "ఇక అసలు ప్యాంటు కన్నా నా గుడ్డే ఎక్కువుంది, ఇది నాదే" అనేది ఆమె. "తీసుకో తల్లీ, నేను గేటు వెనకాల నిలబడతా" అనేవాడు ఆయన. రోజు మొత్తంలో ఆమె మనసారా నవ్వేది ఆ పావుగంటే.

రెండో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తల్లి దాన్ని మిరియం అని పిలిచేది. పిడికెడంత ఉండేది, నోరు మాత్రం ఘాటు. తల్లి ఆసుపత్రిలో చీటీలు రాసే కౌంటర్లో పనిచేసేది. రోజూ పిల్లని గేటు దాకా దింపి పనికి వెళ్లేది. ఆ రోజు కౌంటర్లో ఇంకో ఆమె రాలేదని కబురొస్తే, తొందరలో సందు చివరే వదిలేసింది. "మడత ఊడింది, టేపత్త దగ్గర కుట్టించుకుని బడికి పో" అంది. సందు చివరి నుంచి కొట్టుకి వంద అడుగులు కూడా లేవు.

మిరియం వచ్చేసరికి కొట్లో పిల్లలందరూ వెళ్లిపోయారు. టేపత్త ముందు ఆ రోజు ఇవ్వాల్సిన చొక్కాలు పన్నెండున్నాయి. బడికి ఎవరో పెద్దలు చూడటానికి వస్తున్నారని హడావుడి.

"టేపత్తా, ఊడింది."

"ఇప్పుడు కుట్టే తీరిక లేదే తల్లీ. పిన్నీసు పెడతా, సాయంత్రం రా."

"సాయంత్రం నువ్వు మర్చిపోతావ్."

"నేను మర్చిపోను, నువ్వు గుర్తుచెయ్."

"ఇద్దరం మర్చిపోతే?"

"పొద్దున్నే వాగకు, కదలకుండా నిలబడు."

పిన్నీసు పెట్టి, వీపు మీద తట్టి, "పో" అంది. వెంటనే మిషను ముందు కూర్చుని, గుడ్డని నొక్కిపట్టే పాదం దించి, కాలర్ మొదలుపెట్టింది. ఆ కాలర్ అయి, తల ఎత్తేసరికి గంట కొట్టేశారు. రోడ్డు మీద ఎవరూ లేరు. పిల్లలంతా లోపలికి వెళ్లిపోయారు అనుకుంది.

సాయంత్రం బడి వదిలాక మిరియం ఇంటికి రాలేదు. మిరియం ఆ తర్వాత ఏనాడూ రాలేదు.

చీకటి పడకముందే పోలీసులు వచ్చారు. క్లాసు టీచరు హాజరు పుస్తకంలో పిల్ల రాలేదని రాసి ఉంది. గేటు తాత కూడా పిల్ల గేటులోంచి రాలేదన్నాడు. అధికారి రోడ్డు దాటి ఇటు వచ్చాడు. "పిల్ల నీ కొట్టుకి వచ్చిందా?" అని అడిగాడు. వచ్చిందంది. "తర్వాత?" బడికి వెళ్లిందంది. "గేటు లోపలికి వెళ్లడం నువ్వు చూశావా?" అని అడిగాడు.

"చూశాను సార్" అంది టేపత్త. "రోజూ చూస్తాను."

ఆ మాట అన్నప్పుడు ఆమె అబద్ధం ఆడలేదు. కళ్ల ముందు నిజంగానే కనిపించింది, స్కర్టు ఎగరేసుకుంటూ రోడ్డు దాటుతున్న పిల్ల, పైకి లేచిన ముసలాయన చెయ్యి. అది ఏ రోజుదో మాత్రం ఆమె ఆలోచించలేదు. కొన్ని వందల పొద్దులు చూసిన మనిషికి ఒక్క పొద్దు చూడలేదన్న సంగతి అంత తొందరగా తట్టదు.

పోలీసులు వెళ్లాక, మిషను మీద గుడ్డ కప్పబోతే పక్కన ఆ చొక్కాలు కనిపించాయి. అన్నిటికన్నా పైన ఉన్న దాని కాలర్ మీద చెయ్యి పెట్టింది. వంపు ఎక్కడా చెడలేదు. ఒక్క పరుగులో పోయిన కుట్టు. అంటే తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే చెప్పేస్తాను అనుకుంది. తెల్లారేసరికి గేటు తాతని స్టేషన్‌కి తీసుకుపోయారు. పిల్ల లోపలికి వెళ్లిందని ఎదురుకొట్టు ఆమె చెప్పింది, రాలేదని ముసలాడు బుకాయిస్తున్నాడు, మరి పిల్ల ఏమైనట్టు? బడి లోపల నీళ్ల ట్యాంకులు తోడించారు. మరుగుదొడ్ల వెనక తవ్వించారు. మూడు రోజులు ఆ గోడల మధ్యే వెతికారు. రోడ్డుని, కొట్టు పక్కనే ఉన్న బస్‌స్టాపుని ఎవరూ పట్టించుకోలేదు.

రెండో రోజు టేపత్త స్టేషన్‌కి వెళ్లింది. మెట్లెక్కింది కూడా. గుమ్మంలో ఉన్న పోలీసు ఆమె మెడలో టేపు చూసి, "నువ్వా అమ్మా, మంచి సమయానికి వచ్చావ్, ఈ ప్యాంటు నడుము కాస్త వదులు చేసి పెట్టవా?" అని ఓ సంచి చేతిలో పెట్టాడు. ఆమె ప్యాంటు సంచి పట్టుకుని ఇంటికి వచ్చింది. నవ్వొస్తే నవ్వండి, తర్వాత తర్వాత ఆమెకీ ఒకటి రెండుసార్లు నవ్వొచ్చింది, నవ్వుతూనే వెనక గదిలోకి వెళ్లి ఏడ్చింది.

ఆరో రోజు గేటు తాతని వదిలేశారు. బడివాళ్లు పనిలోంచి తీసేశారు. సామాను సర్దుకుని కూతురి ఊరికి వెళ్లిపోయే ముందు ఆయన గేటు దగ్గర నిలబడి కొట్టువైపు చూశాడు. టేపత్త మిషను దగ్గర నుంచి లేవలేకపోయింది. ఆయన చెయ్యి ఎత్తలేదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు టీ ఆమె ఒక్కతే తాగింది. మొదట్లో అలవాటుకొద్దీ రెండు గ్లాసులు పెట్టేది. రెండోది పారబోసేది. కొన్నాళ్లకి చెయ్యి దానంతట అదే ఒక గ్లాసుకి సరిపడా నీళ్లు పోయడం నేర్చుకుంది.

మళ్లీ బడి తెరిచే రోజులొచ్చాయి. పిల్లలు వరసలో నిలబడి కొలతలు ఇచ్చి వెళ్లారు. అందరూ వెళ్లాక మిరియం తల్లి వచ్చింది. చేతిలో నీలం గుడ్డ, తెల్ల గుడ్డ.

"అక్కా, మూడో తరగతికి కుట్టాలి" అంది.

టేపత్త గుడ్డ అందుకుని బల్ల మీద పెట్టింది.

"అది వచ్చేసరికి పాతవి పొట్టివైపోతాయి కదా. ఎంత పెరిగి ఉంటుందంటావ్?"

అప్పుడు టేపత్తకి తన కొలతల పుస్తకం గుర్తొచ్చింది. కిందటేడు మిరియం పేరు పక్కన ఇంకో పిల్ల కొలతలున్నాయి. నడుము, పొడవు, భుజం, ఇద్దరివీ అంగుళంలో పావు వంతు తేడా లేకుండా ఒక్కటే. ఆ పిల్ల పొద్దున వచ్చి కొలతలిచ్చి వెళ్లింది. పుస్తకం తెరిచి ఆ అంకెలు చూసుకుంది.

"పొడవు ఒకటిన్నర అంగుళం పెరిగి ఉంటుంది చెల్లీ. భుజం అరంగుళం."

తల్లి ఆ అంకెల్ని రెండుసార్లు పైకి అనుకుంది. తర్వాత స్టూలు మీద కూర్చుని, "ఆ రోజు సంగతి చెప్పక్కా" అంది.

టేపత్త చెప్పింది. ఇద్దరం మర్చిపోతే అన్న మాట చెప్పింది. పిన్నీసు చెప్పింది. అక్కడ ఆగబోయింది. తల్లి కళ్లు ఆమె మొహం మీదే ఉన్నాయి. "గేటు దాకా బాగానే వెళ్లింది కదా?" అంది. ఆ అడగడంలో ఏముందో టేపత్తకి తెలుసు. రోజూ గేటు దాకా దింపే మనిషి ఆ ఒక్కరోజు సందు చివర వదిలేసింది. పిల్ల గేటు దాటి ఉంటే ఆ తప్పు తప్పు కాకుండా పోతుంది.

"బాగానే వెళ్లింది" అంది టేపత్త.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఇదే వరస. పిల్ల తండ్రి రెండేళ్లు ఊళ్లన్నీ తిరిగి, తిరిగి తిరిగి విసిగి, వేరే ఊళ్లో పని చూసుకుని అక్కడే ఉండిపోయాడు. తల్లి మాత్రం ఏటా గుడ్డ తెచ్చేది, కొలతలు అడిగేది, ఆ రోజు సంగతి చెప్పమనేది. కుట్టిన జతలన్నీ ఇంట్లో ఓ పెట్టెలో వరసగా పెట్టుకుంది. ఇక మన టేపత్త సంగతా? కథ ఏటేటా పెరిగింది. రెండో ఏడు పిల్ల రోడ్డుకి అటూ ఇటూ చూసి దాటింది. మూడో ఏడు వెనక్కి తిరిగి చూసింది. అయిదో ఏటికి చెయ్యి కూడా ఊపింది. ఆకలేసినవాళ్లకి ఇంకో ముద్ద పెట్టినట్టు పెడుతూ పోయింది. పాపం అని తెలిసే పెట్టింది, జాలిపడీ పెట్టింది. రెండింట్లో ఏది ఎంతో ఆమెనే అడిగినా చెప్పలేకపోయేది.

అటు ఆ కొలతలు కలిసిన పిల్ల ఏడో తరగతిలో ఒక్కసారిగా సాగింది. టేపత్త ఒక్కో కొలతా రెండేసి సార్లు తీసేది. "ఏంటత్తా, చక్కిలిగింతలు పెడుతున్నావ్!" అనేది ఆ పిల్ల. తన ఒంటి మీద రెండో పిల్ల కూడా పెరుగుతోందని దానికి తెలియదు.

అలా ఎనిమిదో ఏడు వచ్చింది. పదో తరగతి. తల్లి జుట్టు సగం నెరిసింది. గుడ్డ బల్ల మీద పెట్టింది.

"ఇదే ఆఖరు జత అక్కా."

"అవును చెల్లీ. పదో తరగతికి లోపల మడత అక్కర్లేదు."

"మడతకి గుడ్డ వదులు అక్కా. ఎందుకైనా మంచిది."

టేపత్త సుద్దతో గుడ్డ మీద నాలుగు వేళ్లు ఎక్కువే గీసింది. తల్లి స్టూలు మీద కూర్చుంది.

"గేటు ముసలాడు పోయాడు. కూతురి ఊరి నుంచి మా ఆసుపత్రికే తెచ్చారు, చీటీ నేనే రాశాను. పేరు చూసి పోల్చుకున్నా. ఎక్కడ దాచావు నా బిడ్డని అని అడుగుదామనుకున్నా. అడిగేలోపే పోయాడు. వాడి పాపం ఊరికే పోలేదు."

టేపత్త చేతిలో సుద్ద విరిగింది.

"ఇవాళ ఒక్కసారి చెప్పు అక్కా. ఇక అడగను. బడి అయిపోతోందిగా."

ఎనిమిదేళ్లుగా రేపు చెబుదాం, వచ్చే ఏడు చెబుదాం అని వెనక్కి నెట్టుకుంటూ వచ్చింది. ఇక నెట్టడానికి ఏడు లేదు. ఇవాళ కూడా చెయ్యి ఊపిందని చెబితే అదే నిజమై కూర్చుంటుంది. పోయిన మనిషి దొంగగానే మిగిలిపోతాడు.

"అది గేటు దాటడం నేను చూడలేదు చెల్లీ."

తల్లికి అర్థం కాలేదు. "ఏంటి?"

"చూడలేదు. కాలర్ కుడుతున్నా. తల ఎత్తలేదు. రోజూ చూసేదాన్ని కదా, చూశాననుకుని చెప్పేశా. సాయంత్రానికే తెలిసింది చూడలేదని. భయపడ్డా. ఆయన రాలేదన్నది నిజమే అయి ఉంటుంది. టీచరమ్మ రాసిందీ నిజమే. నా మాట ఒక్కటే తప్పు."

"మరి చెయ్యి ఊపింది?"

"లేదు."

"వెనక్కి తిరిగి చూసింది అన్నావ్."

"లేదు చెల్లీ. అది నేను మూడో ఏడు చేర్చింది."

తల్లి చాలాసేపు గేటువైపు చూసింది. అరుస్తుందనుకుంది టేపత్త. కొడుతుందేమో అనుకుంది. కొడితే బాగుండును అని కూడా అనుకుంది.

"అయితే సందు చివర వదిలేసింది నేను" అంది తల్లి మెల్లగా.

"నువ్వు వదిలిన చోటు నుంచి అది నా దగ్గరకి క్షేమంగా వచ్చింది. అందులో అబద్ధం లేదు. నా గుమ్మం దిగాకే పోయింది. నీ దగ్గర కాదు, నా దగ్గర."

తల్లి లేచింది. గుడ్డ బల్ల మీదే ఉంది. దాని వంక చూడకుండానే వెళ్లిపోయింది.

తల్లి వెళ్లి చెప్పడంతో, రెండు రోజుల తర్వాత టేపత్తకి స్టేషన్ నుంచి పిలుపు వచ్చింది. కొత్త అధికారి, కుర్రవాడు. రాసుకున్నాడు. "ఎనిమిదేళ్లు ఏం చేశావమ్మా?" అన్నాడు. "యూనిఫారాలు కుట్టాను సార్" అంది. ఆమె ఎగతాళికి అనలేదు, అంతకన్నా వేరే జవాబు ఆమె దగ్గర లేదు. వాళ్లు వచ్చి రోడ్డు చూశారు. బస్‌స్టాపు ఎప్పుడో ముందుకి జరిపేశారు. మూల మీది టీకొట్టు ఫోన్ల కొట్టయింది. ఆ పొద్దున అక్కడ ఏ బస్సు ఆగిందో, ఎవరు నిలబడ్డారో గుర్తున్నవాళ్లు ఒక్కరూ లేరు. కాగితాలు మళ్లీ కట్టగట్టి పైన పెట్టారు.

ఆమె బస్సెక్కి గేటు తాత కూతురి ఇంటికీ వెళ్లింది. కూతురు గుమ్మంలోనే నిలబెట్టి విన్నది. "నాన్న చివరి దాకా ఒకటే మాట. ఆ పిల్ల రాలేదమ్మా, వస్తే నేను చెయ్యి ఎత్తేవాణ్ని కదా అనేవాడు. ఎవరికి ఎత్తేవాడో మాకు తెలిసేది కాదు" అంది. లోపలికి రమ్మనలేదు. టేపత్త కూడా నిలబడలేదు. తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆయన పేరు పెట్టి క్షమించమని అడిగింది. అడగడానికి చాలా ఆలస్యమైందని ఆమెకీ తెలుసు.

ఇప్పుడు గంట కొట్టేదాకా ఆమె కాలర్ ముట్టదు. పిన్నీసు పెట్టిన ప్రతి పిల్లనీ గుమ్మం దాకా వెళ్లి గేటు లోపలికి పంపి, అప్పుడు మిషను ముందు కూర్చుంటుంది. కొత్త కాపలా మనిషి ఫోను చూసుకుంటూ ఉంటాడు, చెయ్యి ఎత్తడు. సంగతి వీధిలో తెలిసిపోయింది కాబట్టి కొంతమంది యూనిఫారాలు వేరే చోట ఇచ్చుకుంటున్నారు. కొలతలు కలిసిన పిల్ల పదో తరగతి అయిపోయి వెళ్లిపోయింది. నీలం గుడ్డ అలమరలో సుద్ద గీతలతో అలాగే ఉంది. టేపత్త దాన్ని కత్తిరించనూ లేదు, తిరిగి పంపనూ లేదు.

మిరియం పోయిన రోజు మళ్లీ వచ్చింది. ఆ పొద్దున పిల్లలందరూ లోపలికి వెళ్లాక, గుమ్మంలో నీడ పడింది. తల్లి. పలకరించలేదు. వచ్చి స్టూలు మీద కూర్చుంది. చెప్పులు కూడా విడవలేదు. వెళ్లిపోవడానికి సిద్ధంగా ఉన్న మనిషిలా ఉంది.

"చెప్పు" అంది.

"ఏం చెప్పను చెల్లీ?"

"ఏం జరిగిందో అదే. ఒక్క మాట కలపకు."

టేపత్త మిషను మీద చేతులు పెట్టుకుని చెప్పింది. పిల్ల వచ్చింది. ఊడింది అంది. సాయంత్రం రమ్మన్నాను. మర్చిపోతావ్ అంది. నువ్వు గుర్తుచెయ్ అన్నాను. ఇద్దరం మర్చిపోతే అంది. కదలకుండా నిలబడమన్నాను. నిలబడింది. పిన్నీసు పెట్టాను. వీపు మీద తట్టి, పో అన్నాను.

అక్కడ ఆగింది. అక్కడి నుంచి ఎవరికీ తెలియదు.

తల్లి ఎదురుచూసింది. ఇక ఏమీ రాదని తెలిసి కూడా కాసేపు ఎదురుచూసింది. తర్వాత అడిగింది.

"పిన్నీసు దానికి గుచ్చుకోలేదు కదా?"

"లేదు చెల్లీ. లోపల నా వేలు అడ్డం పెట్టి పెట్టాను. గుచ్చుకుంటే నాకే గుచ్చుకుంటుంది."

"ఏ వేలు?"

టేపత్త చూపుడువేలు చాపింది. తల్లి దాన్ని పట్టుకుంది. పిల్ల మోకాలికి ఆఖరిసారి తగిలిన వేలు అది. గట్టిగానే పట్టుకుంది, నొప్పి పుట్టింది, టేపత్త వెనక్కి తీసుకోలేదు. ఎదురుగా బడిలో మొదటి పాఠం మొదలైంది.

"మళ్లీ చెప్పు" అంది తల్లి. "పిన్నీసు దాకా చెప్పు."